తన్నని విల్లు

బోయ తిమ్మప్పకు ఉన్నది మెట్టచేను. అందులో సగం రాళ్ళు. వానలు సరిగా పడిన ఏడు వేరుశనగ ఇంటికి వచ్చేది, పడని ఏడు తీగలు మేకలకు వెళ్ళేవి. గద్వాలకు పడమట గుట్టల నడుమ ఉన్న ఆ ఊళ్ళో అతనికన్నా కలిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. అయినా ఉగాది మరునాడు పొద్దున వాళ్ళంతా అతని వాకిట్లోకి వచ్చి, చెప్పులు విడిచి, అతను బయటికి వచ్చేదాకా నిలబడవలసిందే. వేటలో మొదటి బాణం ఆ ఇంటిది. తాత వేశాడు, తండ్రి వేశాడు, తండ్రి పోయినప్పటి నుంచి తిమ్మప్ప వేస్తున్నాడు.

వేట నేరమని ఫారెస్టువాళ్ళు రెండుమూడుసార్లు వచ్చి చెప్పిపోయారు. ఊరు తలూపింది. అడవిపందులు వేరుశనగ చేలను తవ్వి పోసినప్పుడు మాత్రం ఫారెస్టువాళ్ళెవరూ రాలేదు కనుక, ఉగాది మరునాడు ఊరు తన పద్ధతి ప్రకారమే వాగులోకి దిగేది.

ఆ పద్ధతి పాతది. ఊరికి ఎగువన వాగు రెండు రాతిగట్ల మధ్య ఇరుకుగా పారుతుంది. ఎండాకాలం అందులో నీళ్ళుండవు, బలుసుపొదలు ఉంటాయి, పొదల్లో పందులు పడుకుంటాయి. కట్టెలు పట్టుకున్న మనుషులు పైనుంచి వాగులోకి దిగి, కట్టెలు పొదలకు రాసుకుంటూ పోయేలా నెమ్మదిగా నడుస్తారు. కేకలు వెయ్యరు. కేకలు వేస్తే పంది గట్టెక్కి చెదిరిపోతుంది. విల్లు పట్టినవాళ్ళు దిగువన, వాగు నోటి దగ్గర, బండల చాటున కూర్చుంటారు. తిమ్మప్ప విడిచేదాకా ఎవరూ బాణం విడవకూడదు. అతని అల్లెతాడు జుమ్మని మోగగానే వాగులో నడుస్తున్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ దగ్గరి బండ ఎక్కెయ్యాలి. దెబ్బ తిన్న పంది ముందుకు పోదు, వచ్చిన దారినే వెనక్కి మళ్ళుతుంది. ఆ మోతే వాళ్ళకు గుర్తు. పంది పడ్డాక తలకాయ మొదటి బాణం ఇంటికి వెళ్తుంది. అంతకంటే ముఖ్యం, కులపంచాయితీలో పెద్దమనిషి పక్కన ఆ ఏడాదంతా ఆ ఇంటివాడే కూర్చుంటాడు.

తిమ్మప్పకు పిల్లలు దక్కలేదు. అతని తర్వాత బాణం చిన్నాయన కొడుకు నర్సింహులు ఇంటికి పోతుందని అందరికీ తెలుసు. ఆ మాట ఎవరూ అనరు. నర్సింహులు మంచివాడు, అసలే అనడు. అయినా పంచాయితీలో కూర్చున్నప్పుడు తమ్ముడి చూపు తన భుజాల మీద, నెరిసిన మీసం మీద ఆగినట్టు తిమ్మప్పకు అనిపించేది.

వరసగా రెండేళ్ళు వానలు ఎగ్గొట్టినప్పుడు తిమ్మప్ప కృష్ణ మీద కడుతున్న ఆనకట్ట పనికి వెళ్ళాడు. అక్కడ బండలకు రంధ్రాలు వేసే గాలిమిషను పట్టుకునే పని ఇచ్చారు. మనిషి దాని మీద వాలి నిలబడాలి. అది గడగడమని రాతిలోకి దిగుతుంటే పళ్ళు కూడా ఒకదానికొకటి తగిలేవి. సాయంత్రం మిషను ఆపాక కూడా చేతులు లోపల ఆడుతూనే ఉండేవి. గంజి తాగే గిన్నె వణికి ఒలికేది. కుడిచెయ్యి కోలుకుంది. ఎడమచెయ్యి కోలుకోలేదు. చలికి వేళ్ళు పాలిపోయి మొద్దుబారేవి. మోచేతి దగ్గర ఏదైనా తగిలితే, వేడిచేసిన చువ్వ గుచ్చినట్టు భుజం దాకా పాకేది. గద్వాలలో డాక్టరుకు చూపిస్తే నరాలు అదిరిపోయాయని, బరువు పనులు మానుకోమని చెప్పి మాత్రలు రాసిచ్చాడు.

విల్లు పట్టేది ఎడమచేత్తో.

తిరిగొచ్చిన ఏడు ఉగాది వేటలో బాణం వేశాడు. పంది పడింది. ఆ తర్వాత తలగుడ్డ సర్దుకుంటున్నట్టు తల వంచుకుని బండ చాటున చాలాసేపు కూర్చున్నాడు. కళ్ళలో నీళ్ళు ఎవరికీ కనపడలేదు. ఇంటికి వచ్చాక భార్య లక్ష్మీదేవమ్మ చెయ్యి చూసి అదిరిపడింది.

"గింత వాపేందయ్యా! పామేమన్న ముట్టిందా?"

"పాము కాదే. విల్లు తన్నింది."

"ఇన్నేండ్ల సంది తన్నంది ఇప్పుడెందుకు తంతది?"

"ఎప్పుడూ తన్నేదే. అప్పుడు చెయ్యి ఓర్చుకుంటుండె."

ఆమె ఆముదం కాచి పట్టు వేసింది. వేస్తూ, మాట మెల్లగా దించింది. "నర్సింహులుకిచ్చెయ్యరాదు. ఎట్లైనా నీ యెనక వాళ్ళింటికే పాయె."

"నా యెనక గదా," అన్నాడు తిమ్మప్ప.

ఆ రోజు నుంచి చెయ్యి సంగతి ఆ ఇద్దరి మధ్యే ఉంది.

మరుసటి వేటకు ఏడాది గడువుంది. ఆ ఏడాదంతా తిమ్మప్ప మనసు విల్లు మీదే ఉంది. చిన్నప్పటి నుంచి విల్లు వంచాడు, విడిచాడు, కానీ అదెందుకు తంతుందో ఏనాడూ ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించాడు. వంచినప్పుడు వెదురుబద్దలోకి ఎక్కిన బలాన్నంతా బాణం మోసుకుపోలేదు. అది మొయ్యలేక వదిలేసింది బద్దలోనే ఉండిపోతుంది. అటూ ఇటూ కొట్టుకుని, దారి లేక, పట్టుకున్న చేతిలోకి దిగుతుంది. అంటే బాణమన్నా ఎక్కువ మొయ్యాలి, బద్దన్నా తక్కువ కొట్టుకోవాలి.

మొదట పిడికి గుడ్డపీలికలు చుట్టి పైన మేకతోలు కుట్టాడు. అరచేతికి మెత్తగా ఉంది, మోచేతికి ఏ తేడా లేదు. పెబ్బేరు సంతకు పోయి, ఎద్దులు కొననివాడికి సంతలో ఏం పని అని తెలిసినవాళ్ళు నవ్వుతుంటే, కట్టెలమ్మే చోట పొద్దంతా వెతికి ముదురు వెదురు ఒకటి తెచ్చాడు. దాన్ని చీల్చి, నీడలో ఆరబెట్టి, కొత్త విల్లు చెక్కాడు. పాతదాంట్లో కిందిబద్ద పైబద్దకన్నా బిరుసు. రెండూ ఒకేసారి వెనక్కి రావు, ఒకటి ముందొచ్చి రెండోదాని కోసం చేతిని గుంజుతుంది. కొత్తదాన్ని రెండువైపులా ఒకే తీరుగా వంగేదాకా గాజుపెంకుతో గీశాడు. కొనల దగ్గర ఇంకా సన్నం చేశాడు. కొనలు తేలికైతే కొట్టుకునే బరువు తగ్గుతుంది. అల్లెతాడుకు మరో మెలిక ఎక్కించి పిడికి ఎడంగా జరిపాడు. బాణానికి కమ్మరి చేత బరువైన ములుకు వేయించాడు.

పరీక్ష పెరట్లో జరిగేది. గడ్డివాము మీదికి అతను బాణం వేస్తుంటే లక్ష్మీదేవమ్మ అతని మోచేతి మీద తన అరచెయ్యి ఆనించి నిలబడేది. నొప్పి ఎంతో అతను చెప్పడు, చెప్పినా తక్కువ చేసి చెప్తాడు. అందుకని ఆమే చూసేది.

"నిన్నటికన్న నయం," అనేది. లేకపోతే, "ఇంక ఉంది. లోపల చీమలు పారినట్టుంది."

చివరికి మిగిలింది ఆ చీమలే. పెద్ద దెబ్బ పోయింది, సన్నటి అదురు పోలేదు. బాణం పోయాక కూడా తాడు వణుకుతూ ఉండేది, ఆ వణుకు బద్దలోంచి పిడిలోకి, పిడిలోంచి ఎముకలోకి వచ్చేది. తాడును వేళ్ళతో పట్టుకుంటే ఆగిపోతోంది. విడిచే మనిషి తాడు పట్టుకోలేడు. పట్టుకునేది ఇంకేదో తాడు మీదే ఉండాలి.

కురుమయ్య గొర్లమంద చేనులో ఆపినప్పుడు తిమ్మప్ప ఉన్ని అడిగాడు.

"గొంగడి నేపిస్తవా బావా?" అన్నాడు కురుమయ్య.

"లేదు. జరంత చాలు. విల్లుకు."

కురుమయ్య కట్టె మీద గడ్డం ఆనించి అతన్ని ఎగాదిగా చూశాడు. "ఎండాకాలమొచ్చె. విల్లుకు సలిపెడుతుందా ఏంది? పందికి గూడ ఇంత ఇయ్యమంటవా, రగ్గు కప్పుకొని నీకాడికే వస్తది."

"నీ గొర్లకన్న పందే నయం బావా, చెప్పినట్ల ఇంటది."

నవ్వుతూనే కురుమయ్య మెత్తని నల్లఉన్ని పిడికెడు ఇచ్చాడు. తిమ్మప్ప దాన్ని కుచ్చులుగా పేని, అల్లెతాడుకు పైకొనకు కాస్త కింద ఒకటి, కిందికొనకు కాస్త పైన ఒకటి కట్టాడు.

ఆ సాయంత్రం పెరట్లో బాణం విడిచి భార్య ముఖంలోకి చూశాడు. ఆమె చెయ్యి తియ్యలేదు. ఏదో వస్తుందని ఎదురుచూస్తున్నట్టు అలాగే ఆనించి నిలబడింది.

"విడిచినవా?"

"విడిస్తి గదనే. వాముల చూడు."

"నాకేం ముట్టలే." ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "చప్పుడు గూడ రాలేదు గదయ్యా!"

"వణుకుంటేనేగా చప్పుడు," అన్నాడు తిమ్మప్ప. గాలిమిషను వదిలిపెట్టాక అతను అంత హాయిగా నవ్వడం అదే మొదలు. మళ్ళీ మళ్ళీ వేశాడు. చీకటి పడేదాకా వేశాడు. విడిచేవాడు ఏనాడూ తాడు మోత కోసం చెవి పెట్టలేదు. అతని కళ్ళు పంది మీద ఉంటాయి, ప్రాణం చేతిలో ఉంటుంది. ఆ మోత కోసం చెవులు పెట్టేవాళ్ళు ఇంకోచోట, పొదల్లో ఉంటారు. తాతకైనా తండ్రికైనా దాన్ని గురించి కొడుక్కి చెప్పవలసిన అవసరం రాలేదు. విల్లన్నాక మోగుతుంది.

ఉగాది మరునాడు ఊరు వాకిట్లో నిలబడింది. తిమ్మప్ప కొత్త విల్లుతో వచ్చాడు. కులపెద్ద బాలయ్య దాన్ని చూసి, ఉన్నికుచ్చులు దిష్టికి కట్టాడనుకుని, "బాగున్నది," అన్నాడు. నర్సింహులు అన్న వెనక నడిచాడు. వాగులో దిగే వరసలో అందరికన్నా ముందు తిమ్మప్ప అక్క రంగమ్మ కొడుకు వీరయ్య. పాతికేళ్ళవాడు, ఊళ్ళో వాడిలా పొద తొలిచేవాడు లేడు. తన మేనమామ బాణం ముందు తాను నడవడం వాడికి గొప్ప.

"మామా, గీసారి ఏనుగసుంటిదాన్ని తోల్త. జర చూసుకొని కొట్టు," అని గట్టు మీది నుంచే చెప్పి వాగులోకి దూకాడు.

తిమ్మప్ప బండ చాటున మోకాలు ఆనించి కూర్చున్నాడు. ఎండ ఎక్కింది. చాలాసేపటికి ఎగువన పొదలు కదిలాయి. పంది బయటికి వచ్చింది. మెడ మీద వెంట్రుకలు నిక్కి ఉన్న ముదురు పోతు. అది నిలబడి గాలి పీల్చింది. తిమ్మప్ప విల్లు వంచి, విడిచాడు.

బాణం డొక్కలో దిగింది. చేతిలో ఏమీ లేదు. చువ్వ లేదు, చీమలు లేవు, ఇరవయ్యేళ్ళ వయసులో ఉన్న చెయ్యిలా ఉంది. ఆ సంతోషంలో అతను ఒక్క క్షణం పందిని కాక తన చేతిని చూసుకున్నాడు. మళ్ళీ తలెత్తేసరికి పంది వెనక్కి మళ్ళింది. అప్పుడు వినిపించింది, వాగులో కట్టెలు పొదలకు రాసుకుంటున్న చప్పుడు. ఆగలేదు. నెమ్మదిగా, ఎప్పటిలాగే, ముందుకు వస్తోంది.

"ఎక్కుండ్రి!" అని అరిచాడు. "ఒరేయ్, బండెక్కుండ్రి!"

ఆ అరుపూ వాగులోంచి వచ్చిన కేకా ఒకేసారి లేచాయి.

నర్సింహులు పరిగెత్తి, గట్టు మీది నుంచి రెండో బాణం వేసి పందిని పడగొట్టాడు. అప్పటికే వీరయ్య పొద పక్కన పడి ఉన్నాడు. కోర మోకాలి పైనుంచి తొడ దాకా చీల్చేసింది. నలుగురు తలగుడ్డలు విప్పి బిగించి కట్టారు. గుడ్డలు ఎర్రబడుతూనే ఉన్నాయి. ట్రాక్టరు కోసం ఒకడు ఊళ్ళోకి ఉరికాడు. వాణ్ని మోసుకొచ్చి వాగు నోటి దగ్గర ఊరిదేవత ఈదమ్మ రాయి పక్కన పడుకోబెట్టారు.

మనిషికి దెబ్బ తగిలితే మాంసం కొయ్యకముందే ఈదమ్మ ముందు అడగాలి. తప్పెవరిదో తేలాలి. బాలయ్య వీరయ్య తల దగ్గర కూర్చున్నాడు.

"ఈరిగా, మామ తాడు ఇనపడ్డదా?"

వరసలో నడిచినవాడొకడు, "మాకైతే ఇనపడలే పెద్దయ్యా," అన్నాడు.

"నిన్ను అడగలే. వాడు చెప్పని."

వీరయ్య కళ్ళు తెరిచాడు. ముఖం బూడిదరంగుకు తిరిగింది. చుట్టూ చూశాడు. విల్లు పట్టుకుని ఎడంగా నిలబడ్డ మేనమామ దగ్గర చూపు ఆగింది.

"ఇనపడ్డది పెద్దయ్యా. మోగింది. నేనే ఎక్కలే."

"మరి వీళ్ళకు?"

"వాళ్ళు దూరమున్నరు. నేను ముంగలున్న."

బాలయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. తాడు మోగకపోతే తప్పు విడిచినవాడిది, బాణం ఆ ఇంటి నుంచి పోతుంది; మోగింది విని కూడా ఎక్కకపోతే ఎక్కనివాడిది. వాడికి మాంసంలో పాలు లేదు, ఇక ముందు వేటలో వరస లేదు. గొడవ లేకుండా తేలిపోయినందుకు పెద్దమనిషి ముఖం కాస్త తేటపడింది. "సరే. ఈదమ్మ ఇన్నది," అని లేవబోయాడు. తమ్ముడు నర్సింహులు ఇసుకతో తన బాణం తుడుచుకుంటున్నాడు.

తిమ్మప్పకు తెలుసు. ఆ తాడు మోగదు. మోగకుండా ఉండడానికే అతను ఏడాది కష్టపడ్డాడు. నోరు మూసుకుంటే బాణం తన ఇంట్లోనే ఉంటుంది. అక్క కొడుకు ఆ మాటను రక్తం కారుతుండగా చేతిలో పెట్టాడు. పుచ్చుకుంటే చాలు. కొంతసేపు పుచ్చుకున్నాడు కూడా. బాలయ్య లేచి, ధోవతి దులుపుకుని, కత్తి తెమ్మని చెప్పేదాకా అతను కదలలేదు.

అప్పుడు ముందుకు వచ్చాడు.

"ఇనుండ్రి," అని, గట్టు మట్టిలోకి ఒక బాణం విడిచాడు. తడిబట్ట నేల మీద పడ్డట్టు తుప్పుమంది. దగ్గర నిలబడ్డవాళ్ళకే సరిగా వినపడలేదు. నడుముకున్న చాకు తీసి ఉన్నికుచ్చులు కోసేశాడు. ఇంకో బాణం ఎక్కించి వంచి, విడిచాడు. జుమ్మని గట్లు రెండూ మోగాయి. విల్లు చేతిలోంచి జారి రాళ్ళ మీద పడింది. వేళ్ళు ముడుచుకోలేదు. అతను ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని, అందరూ చూస్తుండగా, వంగిపోయాడు.

వీరయ్య కళ్ళు మూసుకున్నాడు.

నర్సింహులు వచ్చి విల్లు తీశాడు. "చెయ్యి ఎప్పటిసంది గిట్లున్నదన్నా?"

"మిషను కాడి నుంచి."

"నాకొక మాట చెప్తే నీదేం పోతుండె?"

"బాణం పోతుండె," అన్నాడు తిమ్మప్ప.

పంది తలకాయ నర్సింహులు ఇంటికి వెళ్ళింది. లక్ష్మీదేవమ్మ పొద్దున్నే అల్లం, వెల్లుల్లి, ఎండుమిరపకాయలు నూరి పెట్టుకుని గడపలో నిలబడి ఉంది. డప్పు ముందు నడుస్తుంటే మనుషులు ఆమెను చూడకుండా తలలు తిప్పుకుని దాటిపోయారు. కాసేపటికి ఆమె లోపలికి వెళ్ళి, నూరిన ముద్ద మీద గిన్నె బోర్లించింది. భర్త వచ్చాక చెయ్యి పట్టుకుని చూసింది, ఆముదం పొయ్యి మీద పెట్టింది.

తర్వాతి పంచాయితీలో బాలయ్య పక్కన నర్సింహులు కూర్చున్నాడు. తిమ్మప్పను కూడా పిలిచారు. అతను వెళ్ళి, చివర ఎవరి పక్కనో కూర్చుని, తనను ఎవరూ ఏమీ అడగకపోతే లేచి వచ్చాడు. వీరయ్య మీద తప్పు కొట్టేశారు. వాడి పాలు రంగమ్మ ఇంటికి పంపారు. దాన్ని వండేవాళ్ళు ఇంట్లో లేరు. రంగమ్మ కొడుకుతో పాటు గద్వాల దవాఖానలో ఉంది.

తిమ్మప్ప చూడడానికి వెళ్ళాడు. మంచం పక్కన కింద కూర్చున్న అక్క చోటు చూపించింది. కాలికి కట్టు వేసి చెక్కకు బిగించారు. నరం తెగిందనీ, కాలు నిలిచినా పాదం ఇక సరిగా లేవదనీ డాక్టరు చెప్పాడని ఆమె ముక్కు చీదుకుంటూ చెప్పింది.

"ఈరిగా," అన్నాడు తిమ్మప్ప. "నువ్వు గట్ల ఎందుకన్నవురా? ఇనపడలేదు గద నీకు."

వీరయ్య పైకప్పు వంక చూస్తున్నాడు.

"ఇనపడలే."

"మరి?"

"కాలు ఎట్లైనా పాయె మామా. కోర పడగనే తెలిసింది నాకు, ఇగ ఇది పోయిందని. దాంతోని నీ బాణమన్న నిలబడనీ అనుకున్న. రేపు ఎవరన్న కుంటోడా అంటే, మా మామ బాణం కోసం కుంటోన్నైతినని అనుకుంటుంటి." మేనమామ వైపు తల తిప్పాడు. "నువ్వు అది గూడ ఉంచకపోతివి."

"అబద్ధమైపోతుండెరా. నీ మీద తప్పు పడుతుండె."

"పడితే పడుతుండె. నా మీద గద పడేది, నీకేంది? నేనిచ్చిన, పుచ్చుకుంటే అయిపోతుండె. ఇప్పుడు నీకు బాణం లేదు, నాకు కాలు లేదు. ఎవనికి ఏమొచ్చె?"

తిమ్మప్ప తెచ్చిన బత్తాయిలు సంచిలోంచి తీసి, ఒకటి వలవబోయాడు. ఎడమచేతి వేళ్ళు దాన్ని పట్టుకోలేకపోయాయి. పండు మంచం కిందికి దొర్లింది. వీరయ్య ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

రంగమ్మ వంగి పండు తీసి, కొంగుతో తుడిచి సంచిలో వేసింది. తమ్ముడి భుజం మీద చెయ్యి వేసింది. అది ఓదార్పో, లేవమని చెప్పడమో అతనికి తెలియలేదు.

"పో తమ్ముడా," అంది. "బస్సుకు యాళ్ళయితుంది."